మంజీర నీళ్లు, గోదావరి దారి: లినక్స్ ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ కార్డుల సంగతి

మన హాస్టల్‌లో సగం ల్యాప్‌టాప్‌ల మీద ఎన్విడియా స్టిక్కర్ ఉంటుంది. ఉబుంటు వేసిన తర్వాత చాలామందికి ఆ స్టిక్కర్ తప్ప ఎన్విడియా జాడ ఎక్కడా కనిపించదు. సెట్టింగ్స్ తెరిస్తే ఇంటెల్ పేరు ఉంటుంది. బ్లెండర్ తెరిస్తే నత్తలా నడుస్తుంది. పైథాన్‌లో క్యూడా ఉందా అని అడిగితే 'ఫాల్స్' అంటుంది. ఇంకొందరికి దీనికి రివర్స్: కార్డు పని చేస్తుంది కానీ ఫ్యాన్ ఆగదు, బ్యాటరీ గంటన్నరలో ఖతం. ఏ సెమిస్టర్‌లో అయినా నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, నా కార్డు ఖరాబైందా?"

దాదాపు ప్రతిసారీ కార్డు బాగానే ఉంటుంది. మనకు తెలియనిది ఆ ల్యాప్‌టాప్ లోపల బొమ్మ ఏ దారిలో పోయి తెర మీదకు వస్తుందో. అందుకే ఈ పాఠంలో కమాండ్ల కన్నా ముందు ఆ దారి చెబుతాను. దారి తెలిస్తే కమాండ్లు అవే గుర్తుంటాయి. మూడే ప్రశ్నలు పెట్టుకోండి: ఎవరు గీస్తున్నారు? ఎవరు చూపిస్తున్నారు? ఎవరు మేలుకుని ఉన్నారు?

ఒక మాట. మన పత్రిక పద్ధతి ప్రకారం కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు అని నేను ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

రెండు కార్డులు ఎందుకు?

ఇంటెల్ గానీ ఏఎమ్‌డీ గానీ, ఇవాళ్టి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి లోపలే ఒక చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంటుంది. దానికి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటుంది. కరెంటు తక్కువ తాగుతుంది. బ్రౌజర్, పీడీఎఫ్, సినిమా, కోడ్ ఎడిటర్, వీటన్నిటికీ అది చాలు. ఎన్విడియాది విడి చిప్. దానికి సొంత మెమరీ ఉంటుంది. ఉదాహరణకు జీటీఎక్స్ 1650లో 4 జీబీ. గేములు, త్రీడీ, న్యూరల్ నెట్‌వర్క్ ట్రైనింగ్ లాంటి బరువు పనులు దానివి. బలం ఎక్కువ, ఆకలి కూడా ఎక్కువ.

డెస్క్‌టాప్ అయితే మానిటర్ తీగను నేరుగా పెద్ద కార్డుకు పెడతాం, కథ అయిపోతుంది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది కాబట్టి పెద్ద కార్డును ఎప్పుడూ నడపలేం. అందుకని తయారీదారులు ఇలా చేశారు: చాలా ల్యాప్‌టాప్‌లలో తెరకు పోయే తీగ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్‌కే ఉంటుంది. ఎన్విడియాకు తెర దాకా సొంత దారి లేదు. అది బొమ్మ గీసి, దాన్ని చిన్న కార్డు మెమరీలోకి పంపుతుంది. చిన్న కార్డు దాన్ని తెర మీద చూపిస్తుంది. కొన్ని ఖరీదైన మోడళ్లలో తీగను ఇటు నుంచి అటు మార్చే మక్స్ అనే స్విచ్ ఉంటుంది. అది లేని ల్యాప్‌టాప్‌ల గురించే ఈ పాఠం, ఎందుకంటే మనలో ఎక్కువమందివి అవే.

కందకుర్తి బొమ్మ

మాది కందకుర్తి. నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలం. మహారాష్ట్ర నుంచి వచ్చే గోదావరి తెలంగాణలో అడుగు పెట్టేది మా ఊరి దగ్గరే. మంజీర, హరిద్ర అక్కడే గోదావరిలో కలుస్తాయి. అందుకే త్రివేణి సంగమం అంటారు. హైబ్రిడ్ గ్రాఫిక్స్ నేను ఎవరికి చెప్పినా మా ఊరి నదులతోనే చెబుతాను. బోధన్ వైపు పిల్లలకైతే రెండు నిమిషాల్లో ఎక్కుతుంది.

మంజీర బీడ్ జిల్లాలో పుట్టి, బీదర్ మీదుగా వచ్చి, సింగూరు, నిజాంసాగర్ దాటి మా ఊరికి చేరుతుంది. వానాకాలంలో ఎన్ని నీళ్లు తెచ్చినా కందకుర్తి దాటిన తర్వాత మంజీర అనే పేరు లేదు. బాసర దగ్గర మునిగేవాళ్లు గోదావరిలో మునిగామంటారు. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌లో నిండేది గోదావరి నీళ్లే అంటారు. మంజీర నీళ్లు అందులో ఉన్నాయి, దారి మాత్రం గోదావరిది.

ఎన్విడియా మంజీర. ఇంటెల్ గోదావరి. తెర బాసర. ఎన్విడియా ఎంత గీసినా అది తెరకు చేరేది ఇంటెల్ దారిలోనే. అందుకే సెట్టింగ్స్‌లో ఇంటెల్ పేరు కనబడితే ఎన్విడియా పని చేయడం లేదని అర్థం కాదు. అక్కడ రాసి ఉన్నది మామూలుగా డెస్క్‌టాప్‌ను నడిపే కార్డు పేరు, అంతే.

ఇంకో రెండు పోలికలు కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత పనికొస్తాయి. మంజీర మీద నిజాంసాగర్ డ్యాం ఉంది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. గేట్లు మూస్తే కింద మంజీర ఇసుక తేలుతుంది, తెరిస్తే నిండుగా పారుతుంది. ఎన్విడియా చిప్‌కు కూడా అలాంటి గేటు ఉంది. పని లేనప్పుడు కరెంటు ఆపేసి, పని రాగానే తెరుస్తుంది. రెండోది, నిజాంసాగర్ నుంచి కాలువ తీశారు. ఆ కాలువ నీళ్లు మా సంగమానికి రాకుండానే నేరుగా బోధన్ వైపు పొలాలకు పోతాయి. బోధన్‌లో చెరకు అంతగా పండిందన్నా, శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నిలబడిందన్నా ఆ కాలువ చలవే. చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు అలాంటి కాలువ. లోపలి తెరకు తీగ ఇంటెల్ నుంచి పోతుంది, హెచ్‌డీఎమ్‌ఐకి మాత్రం నేరుగా ఎన్విడియా నుంచి పోతుంది.

సంగమం, గేటు, కాలువ. ఈ మూడూ గుర్తుంటే మిగతాది సులువు.

ఇంత గొడవ ఎందుకైంది?

ఎన్విడియా ఈ పద్ధతికి ఆప్టిమస్ అని పేరు పెట్టి 2010 ఫిబ్రవరిలో ప్రకటించింది. అది విండోస్‌కు. లినక్స్ వాళ్లకు ఏమీ ఇవ్వలేదు. అదే ఏడాది లినక్స్ కెర్నల్ 2.6.34లో డేవ్ ఎయిర్లీ రాసిన వీజీఏ స్విచరూ వచ్చింది. అది ఒక కార్డు ఆపి ఇంకోటి వాడేందుకు పనికొచ్చేది, రెండూ కలిసి పని చేయడానికి కాదు.

2011లో బంబుల్‌బీ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు వచ్చింది. ఎన్విడియా వెనకాల ఒక కనబడని తెర మీద బొమ్మ గీస్తే, దాన్ని తెచ్చి అసలు తెర మీద పెట్టేది. అప్పట్లో దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక్క ఖాళీ అక్షరం ఎక్కువ పడింది. 'యూఎస్ఆర్' ఫోల్డర్ లోపల ఉన్న ఒక చిన్న ఫోల్డర్‌ను తీసేయాల్సిన లైను, ఆ ఖాళీ వల్ల మొత్తం 'యూఎస్ఆర్' ఫోల్డర్‌నే తీసేసింది. సిస్టమ్‌లోని ప్రోగ్రాములన్నీ ఉండేది అక్కడే. ఎక్కడి నుంచో కాపీ చేసిన సుడో కమాండ్‌ను చదవకుండా ఎంటర్ కొట్టే ముందు ఈ ఖాళీని గుర్తు తెచ్చుకోండి.

2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ సభలో శ్రోతల్లోంచి ఒకామె లేచి, తన ఆప్టిమస్ ల్యాప్‌టాప్ లినక్స్‌లో సరిగా నడవడం లేదని లినస్ టోర్వాల్డ్స్‌ను అడిగింది. ఆయన కెమెరా వైపు వేలు చూపించి ఎన్విడియాను తిట్టిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని మీమ్‌గా షేర్ చేసేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ తిట్టు వెనక ఉన్న ప్రశ్న అచ్చంగా మన ప్రశ్నే.

అసలు పరిష్కారానికి పునాది కూడా ఆ ఏడాదే పడింది. కెర్నల్ 3.3లో డీఎమ్ఏ-బఫ్ చేరింది. ఒక డ్రైవర్ మెమరీలో ఉన్న బొమ్మను ఇంకో డ్రైవర్‌కు అందించే పద్ధతి అది. దాన్ని కెర్నల్‌లోకి తెచ్చిన ఇంజనీర్ సుమిత్ సేమ్వాల్, మన దేశం ఆయనే. అంటే సంగమానికి రేవు కట్టారన్నమాట. దాని మీద ప్రైమ్ అనే పద్ధతి నిలబడింది. ఎన్విడియా సొంత డ్రైవర్ మాత్రం 2019లో, 435 వెర్షన్‌తో గానీ ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్‌కు మద్దతు ఇవ్వలేదు. 2022 మేలో తన కెర్నల్ మాడ్యూల్ సోర్సు కోడ్‌ను బయట పెట్టింది.

2010 నుంచి 2019 దాకా, దాదాపు తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో జనం రాసిపెట్టిన చిట్కాలు ఇంకా నెట్‌లో తేలుతూనే ఉన్నాయి. ఇప్పుడు మనల్ని ముంచేది ఎక్కువగా ఆ పాత చిట్కాలే. బంబుల్‌బీ వేసుకోమని, ఎక్స్‌ఆర్గ్ ఫైలు చేత్తో రాయమని చెప్పే పేజీ కనిపిస్తే తేదీ చూసి మూసేయండి.

ఒక ల్యాప్‌టాప్ మీద పాఠం

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఊరి దోస్తు ఒకడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. సెకండ్ హ్యాండ్, జీటీఎక్స్ 1650 ఉన్నది. వాళ్ల నాయిన పసుపు అమ్మిన పైసలతో కొన్నది. వాడి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కూడా పసుపు మీదే: ఆకు ఫోటో చూసి మచ్చ తెగులా కాదా చెప్పే మోడల్. ఉబుంటు వేశాడు, ఎన్విడియా డ్రైవర్ వేశాడు, కార్డు మాత్రం పలకలేదు. రిపేరు షాపుకు తీసుకుపోతే, "గ్రాఫిక్స్ చిప్ పోయింది తమ్మీ, బోర్డు మార్చాలె, పన్నెండు వేలైతది" అన్నారట. ఇంట్లో ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నా దగ్గరికి వచ్చాడు. రివ్యూకు ఇంకా మూడు వారాలు.

ఆ ల్యాప్‌టాప్ మీద ఏ వరుసలో చూశామో అదే వరుసలో రాస్తాను. ఉబుంటు కాని వాళ్లకు కమాండ్లు కొంచెం మారతాయి, వరుస మారదు.

మొదటి అడుగు: చిప్ బతికే ఉందా?

ఎల్ఎస్‌పీసీఐ -కే

ఇది మదర్‌బోర్డుకు తగిలించి ఉన్న పరికరాలన్నిటినీ చూపిస్తుంది. కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ఏ డ్రైవర్ నడుస్తుందో కూడా చెబుతుంది. ఎన్విడియా పేరు జాబితాలో ఉంటే చిప్ పలుకుతుందని అర్థం. పూర్తిగా చచ్చిన చిప్ సాధారణంగా ఇక్కడ కనిపించదు. వాడి ల్యాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650 శుభ్రంగా కనిపించింది. డ్రైవర్ లైను మాత్రం లేదు. "చిప్ ఉన్నది, దాంతో మాట్లాడేటోడు లేడు" అన్నాను. వాడి ముఖంలో అప్పుడే సగం ప్రాణం వచ్చింది.

ఇక్కడే ఇంకో చిన్న గుర్తు. ఎన్విడియా పక్కన 'త్రీడీ కంట్రోలర్' అని ఉంటే సాధారణంగా ఆ చిప్‌కు ఏ పోర్టూ నేరుగా కలిపి లేదని. 'వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్' అని ఉంటే హెచ్‌డీఎమ్‌ఐ లాంటి కాలువ ఉండే అవకాశం ఎక్కువ.

డ్రైవర్ లైనులో 'నూవో' అని కనిపిస్తే కంగారు పడకండి. ఎన్విడియా సహాయం లేకుండా స్వచ్ఛందంగా రాసిన డ్రైవర్ అది. తెర చూపించడానికి పనికొస్తుంది. కానీ 2014 తర్వాతి చిప్‌లలో ఎన్విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేకుండా వేగం పెంచుకోవడం దానికి చాలాకాలం కుదరలేదు. క్యూడా అసలే నడవదు. ట్రైనింగ్ చేయాలంటే ఎన్విడియా డ్రైవరే కావాలి.

రెండో అడుగు: డ్రైవర్ ఎక్కడి నుంచి?

సుడో ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్
సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్

మొదటిది మీ కార్డుకు ఏ వెర్షన్లు సరిపోతాయో చూపించి, ఒకదాని పక్కన 'రికమండెడ్' అని రాస్తుంది. రెండోది దాన్ని వేస్తుంది. 'అడిషనల్ డ్రైవర్స్' అనే విండోలో మౌస్‌తో చేసినా ఇదే పని. ఎన్విడియా సైటు నుంచి 'డాట్ రన్' ఫైలు దించుకుని వేయకండి. అది ఉబుంటు ప్యాకేజీలకు తెలియకుండా ఫైళ్లు పెట్టిపోతుంది, తర్వాతి అప్‌డేట్‌కు రెండూ కొట్టుకుంటాయి. ఫెడోరా వాళ్లకు ఆర్‌పీఎమ్ ఫ్యూజన్‌లో 'ఏకేమాడ్-ఎన్విడియా' ఉంది.

మూడో అడుగు: డ్రైవర్ పలుకుతుందా?

ఎన్విడియా-ఎస్ఎమ్ఐ

కార్డు పేరు, మెమరీ, ఉష్ణోగ్రత ఉన్న పట్టిక వస్తే పని అయిపోయింది. మా వాడికి పట్టిక రాలేదు, డ్రైవర్‌తో మాట్లాడలేకపోయానన్న సందేశం వచ్చింది. షాపులో చిప్ పోయిందని తేల్చింది ఈ లైను చూసే అయి ఉంటుంది. కానీ ఈ సందేశం చెప్పేది డ్రైవర్ ఎక్కలేదని, చిప్ కాలిపోయిందని కాదు.

ఇంకో సందేశం కూడా వస్తుంటుంది: డ్రైవర్ వెర్షన్, లైబ్రరీ వెర్షన్ సరిపోలడం లేదని. అప్‌డేట్ తర్వాత పాత మాడ్యూల్ ఇంకా మెమరీలో ఉంటే అలా అంటుంది. రీస్టార్ట్ చేస్తే పోతుంది.

నాలుగో అడుగు: డ్రైవర్‌ను ఎవరు ఆపారు?

సుడో మాడ్‌ప్రోబ్ ఎన్విడియా

మాడ్యూల్‌ను మనమే చేత్తో ఎక్కించే కమాండ్ ఇది. ఎక్కకపోతే కారణం చెబుతుంది. మా వాడికి వచ్చిన జవాబు: 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్'. తాళంచెవి ఒప్పుకోలేదు. అసలు దొంగ ఇక్కడ దొరికాడు. పేరు సెక్యూర్ బూట్.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, తనకు తెలిసిన సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ఉబుంటు వాళ్లే సంతకం చేసి ఇచ్చే ఎన్విడియా మాడ్యూల్ అయితే ఇబ్బంది లేదు. డీకేఎమ్ఎస్ పద్ధతిలో మన ల్యాప్‌టాప్‌లోనే కంపైల్ అయితే మాత్రం దాని మీద సంతకం మన మెషీన్‌దే. ఆ సంతకాన్ని ఒప్పుకోమని ఫర్మ్‌వేర్‌కు ఒకసారి చెప్పాలి. ఇన్‌స్టాల్ సమయంలో పాస్‌వర్డ్ ఒకటి అడిగి, తర్వాత రీస్టార్ట్‌లో నీలం తెర చూపించేది అందుకే. ఆ నీలం తెర పది సెకన్లు చూస్తుంది. ఏ కీ నొక్కకపోతే తన దారిన తాను పోతుంది. చాయ్ తాగొచ్చేలోపు డెస్క్‌టాప్ వచ్చేసి ఉంటుంది, సంతకం మాత్రం నమోదు కాదు. మా వాడి విషయంలో జరిగింది అదే. ఆ తెర సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

సరిచేసే వరుస ఇది:

మాక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్

ఇది సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. ఉంటే,

సుడో మాక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మాక్/మాక్.డెర్

ఈ చివరి 'మాక్.డెర్' అనే ఫైలు పేరులో 'మాక్' మూడు అక్షరాలూ, అంటే ఎమ్, ఓ, కే, పెద్దవి. అంతకు ముందున్న ఫోల్డర్ పేరులో చిన్నవి. కమాండ్ కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒక్కసారి వాడేదే కాబట్టి తేలికైనది పెట్టండి. రీస్టార్ట్ చేసి తెర ముందే కూర్చోండి. నీలం తెర రాగానే ఏదైనా కీ నొక్కి, 'ఎన్‌రోల్ మాక్', 'కంటిన్యూ', 'యెస్' ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టి, రీబూట్ చేయండి.

మేము చేసింది ఇంతే. తర్వాత ఎన్విడియా-ఎస్ఎమ్ఐ కొడితే పట్టిక వచ్చింది. పన్నెండు వేల బోర్డు పని, పది సెకన్ల నీలం తెర దగ్గర తేలిపోయింది.

"సెక్యూర్ బూట్ ఆఫ్ చేస్తే అయిపోదా?" అని అడుగుతారు. అవుతుంది. కానీ పక్కన విండోస్ ఉండి బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, అది రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ దగ్గర లేకపోతే విండోస్‌లోని ఫైళ్లు చేతికి రావు. నమోదు చేయడమే మంచిది.

ఐదో అడుగు: పని ఎవరికి ఇవ్వాలి?

ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ

మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. 'ఎన్విడియా' అంటే అన్ని బొమ్మలూ పెద్ద కార్డే గీస్తుంది. 'ఇంటెల్' అంటే పెద్ద కార్డు పూర్తిగా పక్కకు. 'ఆన్-డిమాండ్' అంటే మామూలు పనులు ఇంటెల్, అడిగిన పనికి ఎన్విడియా. మనకు కావలసింది మూడోది:

సుడో ప్రైమ్-సెలెక్ట్ ఆన్-డిమాండ్

కొట్టి రీస్టార్ట్ చేయండి. ఇప్పుడు జీనోమ్ డెస్క్‌టాప్‌లో బ్లెండర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్రీట్ గ్రాఫిక్స్ కార్డుతో నడుపు అనే వరుస కనిపిస్తుంది. టెర్మినల్ నుంచి అయితే ప్రోగ్రాము పేరుకు ముందు రెండు మాటలు చేర్చాలి:

__ఎన్వీ_ప్రైమ్_రెండర్_ఆఫ్‌లోడ్=1 __జీఎల్ఎక్స్_వెండర్_లైబ్రరీ_నేమ్=ఎన్విడియా

సమానం గుర్తుకు ముందున్నవన్నీ పెద్ద అక్షరాలు, మొదట్లో రెండేసి అండర్‌స్కోర్లు. వీటి తర్వాత 'జీఎల్ఎక్స్‌ఇన్ఫో -బీ' కొడితే గీసేవారి పేరు ఎన్విడియా అని వస్తుంది. ఊరికే 'జీఎల్ఎక్స్‌ఇన్ఫో -బీ' కొడితే ఇంటెల్ అని వస్తుంది. ఇక్కడ 'బీ' పెద్దది. కమాండ్ లేదంటే 'మెసా-యుటిల్స్' ప్యాకేజీ వేసుకోండి. ఒకే తెర, ఒకే నిమిషం, గీసేవారు మాత్రం వేరు. సంగమాన్ని కళ్లారా చూడటమంటే ఇదే.

ట్రైనింగ్ చేసేవాళ్లకు ఇది అవసరం లేదు. క్యూడా పనికి తెరతో సంబంధం లేదు, అది నేరుగా ఎన్విడియాకే పోతుంది. పైథార్చ్ వేసుకుని 'టార్చ్.క్యూడా.ఈజ్_అవైలబుల్()' అని అడిగితే 'ట్రూ' రావాలి. పిప్‌తో వచ్చే పైథార్చ్ తనకు కావలసిన క్యూడా లైబ్రరీలు తానే తెచ్చుకుంటుంది కాబట్టి క్యూడా టూల్‌కిట్ విడిగా వేయనక్కరలేదు. డ్రైవర్ ఉంటే చాలు. ఆన్-డిమాండ్‌లో డెస్క్‌టాప్ బరువు ఇంటెల్ మోస్తుంది కాబట్టి, 4 జీబీ మెమరీ దాదాపు మొత్తం మన మోడల్‌కే మిగులుతుంది. చిన్న కార్డు ఉన్నవాళ్లకు ఇది తక్కువ లాభం కాదు.

ఆరో అడుగు: గేటు మూసుకుంటుందా?

మా ఊళ్లో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుందన్నది చిన్న సంగతి కాదు. పని లేనప్పుడు ఎన్విడియా నిజంగా నిద్రపోతుందో లేదో చూడాలంటే ఈ ఫైలు చదవండి:

క్యాట్ /సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:01:00.0/పవర్/రన్‌టైమ్_స్టేటస్

మధ్యలోని అంకెలు ఎల్ఎస్‌పీసీఐలో మీ ఎన్విడియా పక్కన కనిపించేవే, ముందు నాలుగు సున్నాలు కలపాలి. 'సస్పెండెడ్' అని వస్తే గేటు మూసి ఉంది. 'యాక్టివ్' అని వస్తే తెరిచి ఉంది. దీన్ని ఎన్విడియా-ఎస్ఎమ్ఐతో చూడకండి. ఆ కమాండ్ చిప్‌ను లేపి మరీ అడుగుతుంది. నిద్రపోతున్నావా అని తట్టి అడిగినట్టు ఉంటుంది.

ఇలా పూర్తిగా నిద్రపోవడం ట్యూరింగ్ తరం నుంచి, అంటే జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ వరుసల నుంచి, దానికి సరిపడే ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో వచ్చింది. అంతకు ముందువైన ఎమ్ఎక్స్ 150, జీటీఎక్స్ 1050 లాంటివి ఆన్-డిమాండ్‌లో సగం నిద్రలోనే ఉంటాయి. అవి ఉన్నవాళ్లు బస్సు ప్రయాణాలకు 'ఇంటెల్' మోడ్‌లో పెట్టుకోవడం మేలు.

కానీ అలా పెట్టి మర్చిపోతే సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ పలకకపోవచ్చు. కాలువ గుర్తుందా? మీ హెచ్‌డీఎమ్‌ఐ ఎన్విడియాకు కలిపి ఉంటే, 'ఇంటెల్' మోడ్‌లో ఆ పోర్టుకు నీళ్లు రావు. తీగ మార్చి, ప్రొజెక్టర్ మార్చి, పక్కవాడి ల్యాప్‌టాప్ అడుక్కుంటూ రివ్యూ సమయం పోగొట్టుకునేవాళ్లను ప్రతి సెమిస్టర్ చూస్తాం. ముందు రోజు రాత్రే ఆన్-డిమాండ్‌కు మార్చి రీస్టార్ట్ చేసుకోండి.

పాత కార్డులు కొనేవాళ్లకు

సెకండ్ హ్యాండ్ కొనే ముందు చిప్ తరం చూడండి. ఫెర్మీ తరానికి ఎన్విడియా డ్రైవర్ 390 వరుసతో ఆగింది. కెప్లర్‌కు 470తో ఆగింది. మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు, అంటే 940 ఎమ్ఎక్స్, జీటీఎక్స్ 1050 లాంటివాటికి, 580 చివరి వరుస. ఆగిన డ్రైవర్‌తో కొత్త కెర్నల్‌లు రాను రాను పేచీ పెడతాయి. ధర బాగుందని కెప్లర్ కార్డు కొంటే మీరు కొన్నది ఇంటెల్ ల్యాప్‌టాప్ అనే అనుకోండి. కొత్త డ్రైవర్లలో ఎన్విడియా బయటపెట్టిన ఓపెన్ మాడ్యూళ్లు కూడా ట్యూరింగ్, ఆ పై తరాలకే. ట్యూరింగ్ మన గీత అని పెట్టుకుంటే లెక్క సులువు.

నల్ల తెర వస్తే

డ్రైవర్ వేశాక తెర నల్లగా ఉండిపోతే వెంటనే ఫార్మాట్ చేయకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల లాగిన్ వస్తే సిస్టమ్ బతికే ఉంది, గీసేవాడే తప్పాడు. అక్కడి నుంచే ఎన్విడియా ప్యాకేజీలు తీసేయొచ్చు. అదీ రాకపోతే బూట్ అయ్యేటప్పుడు షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కి గ్రబ్ మెనూ తెచ్చుకోండి. 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాత కెర్నల్ ఎంచుకోండి. అప్‌డేట్ తర్వాత వచ్చిన నల్ల తెరలు చాలావరకు, కొత్త కెర్నల్‌కు మాడ్యూల్ కంపైల్ కాకపోవడం వల్లే. పాత కెర్నల్‌తో లోపలికి వచ్చి డ్రైవర్ మళ్లీ వేస్తే సరిపోతుంది.

చివరగా

హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో కనిపించే లినక్స్ డెస్క్‌టాప్ తయారు చేశారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లు నడిపించారు. మెనూలు తెలుగులోకి వచ్చాయి గానీ, ఖరాబైనప్పుడు ఏం చూడాలో చెప్పే తెలుగు పేజీలు ఇంకా చాలా తక్కువ. ఇంగ్లిష్‌లో వచ్చే ఎర్రర్ లైను అర్థం కాక, కౌంటర్ దగ్గర వాళ్లు చెప్పిన మాటే నమ్మి డబ్బు కట్టేది మన ఇళ్లలోవాళ్లే. ఆ డబ్బు పసుపు మీదిదో, చెరకు మీదిదో, ఆటో కిరాయిదో అయి ఉంటుంది.

కాబట్టి మీ దగ్గరికి ఎవరైనా "కార్డు పోయింది" అని వస్తే, బోర్డు మార్చే ముందు ఈ వరుసలో చూడండి: ఎల్ఎస్‌పీసీఐలో ఉందా, డ్రైవర్ ఎక్కిందా, ఎక్కకపోతే మాడ్‌ప్రోబ్ ఏమంది, సెక్యూర్ బూట్ ఏమంది. పావుగంట పని. మా దోస్తు ఇప్పుడు ఆకుల ఫోటోల కోసం పొలాల వెంట తిరుగుతున్నాడు. ట్రైనింగ్ రాత్రిపూట నడుస్తుంది, 4 జీబీ సరిపోక బ్యాచ్ సైజు 16కు తగ్గించుకున్నాడు. వాళ్ల వాడకట్టులో ఇంకో ఇద్దరి ల్యాప్‌టాప్‌లు ఈ వరుసలోనే వాడే బాగు చేశాడు.